ప్రార్థనలో మింగేసిన ముక్క

సియామక్ ఇస్ఫహాన్‌లో ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. మతం మారితే జైల్లో వేసే ఆ దేశంలో దొంగచాటుగా చర్చిలో చేరి క్రైస్తవుడయ్యాడని సొంత బావమరిదే పోలీసుల చెవిన వేస్తే, కట్టుబట్టలతో జర్మనీ చేరాడు. అక్కడి అధికారులు నమ్మలేదు. ఆశ్రయం కోసం కట్టిన వేషమన్నారు. సంగతి కోర్టుకెక్కింది.

జర్మనీలో చర్చికెళ్తే అతని పక్కన కూర్చునే ముసలమ్మ వాల్‌ట్రౌట్ పంతం పట్టింది. అతన్ని తన వంటింట్లో కూర్చోబెట్టి శిష్యుల పేర్లూ, పది ఆజ్ఞలూ, పండుగలూ అన్నీ వల్లె వేయించింది. సరిగ్గా చెబితే ఆపిల్ కేకు పెట్టేది, తప్పితే ప్లేటు వెనక్కి లాక్కునేది. వాయిదా నాటికి సియామక్‌కి బైబిలూ వచ్చింది, బొజ్జా వచ్చింది.

కోర్టులో జడ్జిగారు ఏది అడిగినా టకటకా అప్పజెప్పాడు. దుబాసీకి ఆయాసం వచ్చింది. వెనక బెంచీలో ముసలమ్మ మురిసిపోతున్న కొద్దీ జడ్జిగారి మొహం ముడుచుకుపోయింది.

"సియామక్ గారూ, మా పాస్టర్లు కూడా ఇంత బాగా చెప్పరు. ఎవరు బట్టీ పట్టించారు?"

సియామక్ వెనక్కి తిరిగాడు. ముసలమ్మ కిటికీ వైపు చూసింది.

"పోనీ, చర్చిలో మీకు నచ్చనిదేమిటో చెప్పండి."

ఈ ప్రశ్న వంటింట్లో రాలేదు. అతను ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"పాటలు నత్తనడకండీ. కాఫీ ఉత్త నీళ్లు. పాస్టరుగారు మంచివారే గానీ, మొదలుపెడితే ఆపరు. నేనో కునుకు తీస్తాను. ఈ మామ్మగారు శ్రుతి తప్పి సరిగ్గా నా చెవిలోనే పాడతారు."

దుబాసీ పొల్లుపోకుండా చెప్పాడు. ముసలమ్మ పక్కనున్న పాస్టర్ హార్మ్స్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకా?"

సియామక్ గొంతు తగ్గింది. "'మాకు అపకారం చేసినవాళ్లను మేం క్షమించినట్టు మమ్మల్ని క్షమించు' అని ప్రార్థనలో వస్తుంది కదండీ. అక్కడ నోరు మూసుకుంటాను. మా బావమరిది గుర్తొస్తాడు. వాణ్ణి నేను క్షమించలేదు. దేవుడి ముందు అబద్ధమెలా ఆడను?"

జడ్జిగారు పాస్టరు వంక చూశారు. ఆయన లేచాడు.

"నిజమేనండి. ప్రతి ఆదివారం అక్కడ ఇతని పెదవులు కదలవు. మరిచిపోయాడనుకుని నేనే గట్టిగా అందిస్తుంటాను."

"అందుకే నాకు ఇంకా మండేది" అన్నాడు సియామక్.

జడ్జిగారు నవ్వాపుకోవడానికి నీళ్లు తాగారు.

"వేషగాడైతే ఆ ముక్క అందరికంటే గట్టిగా చదివేవాడు."

ఆ మధ్యాహ్నమే ఆశ్రయం ఇమ్మని తీర్పు చెప్పారు. సియామక్ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు.

బస్సు స్టాపు దగ్గర ముసలమ్మ అతని వైపు తిరిగింది.

"అయితే నేను శ్రుతి తప్పుతానన్నమాట."

"తప్పుతారు మామ్మగారూ."

"మీ బావమరిది సంగతి తర్వాత. ముందు నన్ను క్షమాపణ అడుగు."

అడిగాడు. బస్సు వచ్చేదాకా ఆవిడ క్షమించలేదు.