జక్రయ్య పరుగు

గుంటూరు బస్సెక్కినప్పటి నుంచీ ఆదెమ్మ గుండె గుప్పెట్లో పెట్టుకునే కూర్చుంది. పక్కన మొగుడు జక్రయ్య మాత్రం ఉతికిన చొక్కా తొడుక్కుని పెళ్లికొడుకులా హుషారుగా ఉన్నాడు. ఎనభై ఒకటో సంవత్సరం వికలాంగుల సంవత్సరమట. బ్రాడీపేటలో ఒక మిషన్ బడి వాళ్లు చూపులేనివాళ్లకి ఆటల పోటీలు పెట్టారట. చర్చిలో పాస్టరుగారు ఆ మాట చెప్పిన దగ్గర నుంచీ ఈయనగారికి పరుగు పిచ్చి పట్టింది.

చిన్నప్పుడు మశూచి వచ్చి కళ్లు పోయాయి. అంతకు ముందు పేటలో తనని మించి పరిగెత్తేవాడే లేడని జక్రయ్య చెబుతుంటాడు. చూసినవాళ్లు ఎవరూ మిగల్లేదు కాబట్టి నమ్మాల్సిందే. పెద్దయ్యాక నులక మంచాలు అల్లడం నేర్చాడు. ఆ అల్లికకి ఇంతవరకూ వంకపెట్టినవాడు లేడు. ఆదెమ్మ మిరపకోతలకి పోతే, అతను మంచాలు అల్లితే ఇల్లు గడుస్తుంది. నిరుడు పంటకాలవ గట్టు మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అది అతుక్కునేదాకా గంజినీళ్లే. మళ్లీ విరిగితే ఆ చెయ్యి ఇక పనికి రాదని కట్టు కట్టినాయన గట్టిగా చెప్పాడు. ఆదెమ్మ బెంగంతా ఆ చేతి మీదే.

"పరుగూ వద్దు, ఏమీ వద్దు మావా. చూసి వచ్చేద్దాం," అంది బస్సులో.

"చూట్టానికి నాకు కళ్లు యాడున్నాయే?" అని పకపకా నవ్వాడు జక్రయ్య. ఆ మనిషితో వాదించి గెలిచినవాళ్లు లేరు.

మైదానంలో అడుగు పెట్టగానే ఆదెమ్మ కళ్లు పక్కనున్న ముళ్లకంచె మీద పడ్డాయి. ఆటలు ఆడించే సంతోషకుమారి టీచరు పద్ధతి చెప్పింది. పరిగెత్తేవాళ్లు ఈ కొసన ఉంటారు, వాళ్ల మనుషులు అవతలి కొసన నిలబడి పిలవాలి. ఆ గొంతు పట్టుకుని రావడమే.

"టీచరమ్మగారూ, ఆ కంచె..."

"ఏం భయంలేదమ్మా. మీవారిని గట్టిగా పేరు పెట్టి పిలవండి, చాలు."

ఆదెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పేరు పెట్టి పిలవడమే! మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని తల్లి చిన్నప్పుడే నూరిపోసింది. రేషన్ కార్డు రాసేవాళ్లు అడిగినప్పుడు కూడా పక్కింటి మరియదాసు చేత చెప్పించింది గానీ తను నోరు విప్పలేదు.

విజిల్ మోగింది. "మావా! మావా! ఇటు!" అని అరిచింది ఆదెమ్మ. అటూ ఇటూ ఉన్న ఆడవాళ్లు కూడా మావా అనే అరుస్తున్నారు. అందరి మావలూ ఒక్కసారే కదిలారు.

జక్రయ్య చేతులు ముందుకు చాచి, తల పైకెత్తి బాగానే వచ్చాడు. సగం దూరంలో గొంతులన్నీ కలిసిపోయి తికమకపడ్డాడు. ఒక్క క్షణం చెవి ఒగ్గి, కంచె అవతల జనం చప్పట్లు కొడుతున్న వైపు తిరిగి మళ్లీ దౌడు తీశాడు. ఆదెమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. మావా మావా అని ఎంత మొత్తుకున్నా అతనికి అందలేదు. చాచిన చేతులు తిన్నగా ముళ్లతీగ మీదికి పోతున్నాయి.

"జక్రయ్యా! ఒరేయ్ జక్రయ్యా, ఆగరా!"

జక్రయ్య ఉన్నచోటే కొయ్యబారిపోయాడు. కంచె ఇంకో అడుగు దూరంలో ఉంది. చూసేవాళ్లు గొల్లున నవ్వారు. ఆదెమ్మకి అదేమీ పట్టలేదు. పరుగున వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని, మణికట్టు తడిమి తడిమి చూసి బావురుమంది.

"అందరూ చేరిపోయారు మావా. ఇంటికి పోదాం పద."

"నేను చేరలేదుగా," అన్నాడు జక్రయ్య రొప్పుతూ. "అక్కడికి పోయి మళ్లీ పిలువు."

వదలాలంటే ఆమె వేళ్లు రాలేదు. అయినా వదిలింది. అవతలి కొసకి నడిచి, నిలబడి, ఊపిరి పీల్చుకుని అతన్ని పేరు పెట్టి పిలిచింది. అతను పరిగెత్తుకొచ్చాడు.