మా అంబాసిడర్ ఏ పార్టీ?

మా నాన్న పాత అంబాసిడర్‌కి ఇంట్లోనే రంగు వేసుకుందామని పొద్దున ఆటోనగర్‌లో పెయింట్ షాపుకి వెళ్లాను. కారు కొన్నప్పటి రంగే ఉండాలని పసుపు అడిగాను.

షాపాయన డబ్బా తీయలేదు. నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం చేస్తుంటారండీ?"

"గవర్నమెంటు టీచర్నండీ."

"అయితే పసుపొద్దండీ, పార్టీ రంగు. రేపు ప్రభుత్వం మారిందనుకోండి, ట్రాన్స్‌ఫర్ చేసి ఎక్కడో మూలనున్న నాగాయలంకలో పడేస్తారు."

నీలం అడిగాను. అది ఇంకో పార్టీదట. తెలుపు వేస్తే ఎమ్మెల్యే కారనుకుని జనం అర్జీలు తెస్తారట. నలుపు వేస్తే నిరసన తెలుపుతున్నానంటారట. కాషాయం సంగతి నేనే ఎత్తలేదు.

ఆఖరికి విసుగొచ్చి, రంగు సంగతి తర్వాత చూద్దామని రంగుకి ముందు అడుగున పూసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక్కటే తెచ్చుకున్నాను. తుప్పు గీకి, మధ్యాహ్నమంతా కూర్చుని కారంతా పూశాను. హమ్మయ్య, ప్రైమర్‌కి పార్టీ ఉండదు కదా అనుకున్నాను.

సాయంత్రం ఎదురింటాయన మా గేటు దగ్గర ఆగి, ఎర్రగా ఉన్న కారును చూసి పిడికిలెత్తాడు.

"లాల్ సలామ్ మాస్టారూ!"

పైన రంగు పడకుండా ఈ ప్రైమర్ వానకి తడిస్తే మళ్లీ తుప్పే. అవతల మబ్బు పట్టింది. ఎవరి జెండాలోనూ లేని రంగు ఒక్కటుంటే త్వరగా చెప్పండి బాబూ.