తమ్ముడు తాళాలు తీసిన ఫోన్లు

పోయిన వారం ఫోను అద్దం మార్పించుకుందామని ఆసిఫాబాద్ బజారుకు పోయాను. మేడ మెట్ల మీద నుంచి నాకంటే ముందు అదే కిందికి దిగింది. అద్దమంతా సాలెగూడు కట్టినట్టు గీతలు. దుకాణంలో ఉన్న మనిషి మర్యాదస్తుడే. స్టూలు తుడిచి కూర్చోమన్నాడు. ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "మేడం, ఎట్లాగు నా దగ్గర పెడుతున్నరు గద, జైల్‌బ్రేక్ గూడ చేసిస్త. పైసలు కట్టే యాప్‌లన్ని ఫ్రీగ నడుస్తయ్" అన్నాడు. అతని చేతిలోంచి ఫోను తీసుకుని, ఆ పగిలిన అద్దంతోనే ఇంటికి వచ్చేశాను. పాపం, నేనెందుకు అట్లా లేచిపోయానో అతనికి ఇప్పటికీ అర్థమై ఉండదు. ఇంటికి వచ్చాక వంటింట్లో గిన్నెలు విసిరికొడుతుంటే మా ఆయన బీపీ మాత్ర తెచ్చిచ్చారు. కోపానికి వేరే మాత్ర లేదు గనుక అదే వేసుకున్నాను.

ఆ కోపం మా చిన్నమ్మకు జరిగినదాని గురించి. చిన్నమ్మ అంటే మా అవ్వకు, అంటే అమ్మకు, సొంత చెల్లెలు. బెల్లంపల్లిలో మా క్వార్టరు వెనక వరసలోనే వాళ్ళ క్వార్టరు. మా నాన్న బాపు, చిన్నమ్మ భర్త చిన్నబాపు ఒకే బాయిలో, అంటే బొగ్గు గనిలో, పని చేశారు, ఒకే షిఫ్టుకు టిఫిను డబ్బాలు ఊపుకుంటూ పోయేవారు. మా చిన్నతనంలో ఆ రెండు ఇళ్ళకూ మధ్య తలుపులు ఎప్పుడు వేసేవారో నాకు గుర్తు లేదు. నా తమ్ముడైతే అన్నం అక్కడే, నిద్ర అక్కడే. స్కూలు పుస్తకాలు మాత్రం మా ఇంట్లో ఉండేవి, వాటితో వాడికి పెద్దగా పని పడేది కాదు. చిన్నమ్మ కుట్టు మిషను ముందర కూర్చుంటే కింద రాలిన గుడ్డముక్కల్లో పొర్లి పెరిగాడు వాడు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత వాడు చేసింది పరాయివాడు చేసిన పని కాదు.

చిన్నమ్మకు మనుషులు కొలతల్లోనే కనిపించేవారు. పెళ్ళికి పోతే అందరూ పెళ్ళికూతురి మొహమూ నగలూ చూస్తుంటే, ఆమె మాత్రం జాకెట్టు చంక దగ్గర పడ్డ ముడత చూసి బాధపడేది. ఎవరు కుట్టారో కనుక్కునే దాకా భోజనానికి లేచేది కాదు. ఒకసారి ఒక పెద్దింటావిడను పందిట్లోనే పక్కకు పిలిచి, భుజం దగ్గర రెండు కుట్లు ఊడదీసి సరిచేసి పంపింది. అప్పటి నుంచి ఆవిడ చిన్నమ్మను చూస్తే పమిట నిండుగా కప్పుకునేది. కాలనీ ఆడపిల్లలకు ఏళ్ళ తరబడి కుట్టు నేర్పింది. బాయిలు ఒక్కొక్కటే మూతబడి ఇళ్ళల్లో మగవాళ్ళ జీతాలు తగ్గుతున్న రోజుల్లో, ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు మిషను పెట్టుకుని ఇల్లు నడిపారు.

మోకాళ్ళు మొరాయించి కింద కూర్చుని కత్తిరించడం కష్టమయ్యాక, ఆమె కూతురు, అంటే మా చెల్లె, ఆ విద్యనంతా ఒక యాప్‌లో పెట్టింది. చెల్లె కంప్యూటర్లు చదువుకుంది. తల్లీకూతుళ్ళు చాలా నెలలు దాని మీదే కూర్చున్నారు. కొలతలు ఎక్కిస్తే గుడ్డ ఎక్కడ మడవాలో, సుద్దగీత ఎట్లా తిప్పాలో బొమ్మ గీసి చూపించేది. పక్కనే చిన్నమ్మ గొంతు చెబుతుండేది. "జర నిదానం బిడ్డా, మెడ ముందుగాల కోయకు, కోసినంక అతుకు పడదు." వేరే చప్పుడు లేకుండా రికార్డు చెయ్యాలని చిన్నబాపును, ఫ్యాన్‌ను, కుక్కర్‌ను ఆపించడంతో ఆ ఎండాకాలం ఇల్లంతా చెమటల్లో ఉడికింది. బట్టలు కుట్టించుకునేవాళ్ళ కొలతలు, తొడిగి చూసినప్పటి ఫొటో, మళ్ళీ అడగాల్సిన పని లేకుండా అందులోనే దాచుకోవచ్చు. అవి ఎవరి ఫోన్‌లో వాళ్ళకే ఉండేవి, చెల్లెకు కూడా కనిపించేవి కావు. ఆడవాళ్ళ కొలతలు బయటికి పోకూడదని చిన్నమ్మ పెట్టిన షరతు అది. యాప్ ధర ఒక జాకెట్టు కుట్టినందుకు తీసుకునేంత. ఒక్కసారి కడితే చాలు.

తమ్ముడికి అప్పటికే బెల్లంపల్లి బజారులో ఫోన్ల దుకాణం ఉంది. నలభై దగ్గర పడుతున్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఫోను తయారుచేసేవాళ్ళు దానికి కొన్ని తాళాలు వేసి పంపుతారట. ఏ యాప్ గది దానిదే. ఒకటి ఇంకోదాని గదిలోకి తొంగిచూడకూడదు, తెలియని సరుకు దొడ్డిదారిన లోపలికి రాకూడదు. ఆ తాళాలన్నీ తీసిపారేయడాన్ని జైల్‌బ్రేక్ అంటారు. ఇంకో రకం ఫోన్లకైతే రూట్ చేయడం అంటారు. తమ్ముడికి ఆ పనిలో పేరు. తాళాలు తీశాక, డబ్బు కట్టాల్సిన యాప్‌లకు ఎవరో చేసిన దొంగ నకళ్ళు తెచ్చి ఊరికే వేసిచ్చేవాడు. జనం ముచ్చటపడేవారు. మా అవ్వ కూడా, నా కొడుకు చేతిలో ఏదో మహిమ ఉందని చెప్పుకునేది.

ఒకరోజు చిన్నమ్మ మంచిర్యాల నుంచి బస్సులో వస్తుంటే ముందు సీట్లో ఆమె గొంతే వినబడింది. ఎవరో అమ్మాయి ఫోన్‌లో పాఠం వింటున్నది. చిన్నమ్మ మురిసిపోయి ముందుకు వంగి చూసింది. బొమ్మలు తనవే, గొంతు తనదే, కానీ మొదట్లో ఆమె పేరు చెప్పి దండం పెట్టే ముక్క లేదు. ఆ చోట పేకాటకు రమ్మనే ప్రకటన ఒకటి రంగురంగులుగా ఎగురుతున్నది. ఎక్కడిదమ్మా ఇది అని అడిగితే ఆ అమ్మాయి చెప్పిన దుకాణం తమ్ముడిది.

ఆ ఆదివారం చిన్నమ్మ, చెల్లె మా ఇంటికి వచ్చేసరికి నేనూ బెల్లంపల్లిలోనే ఉన్నాను. చిన్నమ్మ కోపంగా కూడా అడగలేదు. నా పేరెందుకు తీసినవురా అని మాత్రమే అడిగింది. వాడు నవ్వాడు. యాప్‌ను ఏదో గ్రూపులో ఉన్నవాడికి పంపితే, డబ్బు అడగకుండా తెరుచుకునేటట్టు చేసి తిప్పి పంపాడట. ఆ మనిషి ఎవరో, ఏ ఊరివాడో వాడికీ తెలియదు. "మనోళ్ళకే ఇచ్చిన చిన్నమ్మా. నీకేం తక్కువైంది, చిన్నబాపుకు పింఛను వస్తలేదా" అన్నాడు. చెల్లె అప్పుడు వాడికి విడమరిచి చెప్పింది. ధర సంగతి పక్కనపెట్టు, ఆ తెలియనివాడు విప్పి మళ్ళీ కుట్టినప్పుడు లోపల ఏం పెట్టి కుట్టాడో నీకు తెలుసా అని అడిగింది. ఎవరి ఫోను తాళం వాళ్ళు తెలిసి తీసుకుంటే అది వాళ్ళిష్టం, కానీ నువ్వు తీస్తున్నది ఏమీ తెలియని ఆడవాళ్ళ ఫోన్లకు, అందులో ఇంకా ఎందరో ఆడవాళ్ళ ఫొటోలున్నాయి అని చెప్పింది. అంతా విని, నువ్వు చదువుకున్నదానివి గనుక ఊరికే భయపెడతావని లేచిపోయాడు. అవ్వ పకోడీల పళ్ళెం పట్టుకుని వాడి వెనకే పోయింది. నేను ఆ గదిలోనే ఉన్నాను, ఆ మాటలన్నీ నా చెవులతో విన్నాను. తర్వాత ఇంట్లో అందరూ, తెలువక చేసిండు అన్నప్పుడల్లా ఆ ఆదివారమే నా కళ్ళ ముందుకు వస్తుంది.

కొన్ని నెలలకు కాలనీలో ఆడవాళ్ళకు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మెడ సరిగ్గా కూర్చుందా లేదా అని వెనక నుంచి తీసిన ఫొటోలు, అద్దం ముందర నిలబడి తీసుకున్న ఫొటోలు, బూతుమాటలతో వాళ్ళ ఫోన్‌లో ఉన్న నంబర్లకే పోయాయి. డబ్బు పంపకపోతే ఇంకా పంపుతామని బెదిరింపు. చిన్నమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో చెయ్యి తిరిగిన పిల్ల ఒకతె ఉండేది, మంథని ఆడపడుచు, మా పక్క వరస ఇంటి కోడలు. ఆ పిల్ల ఫొటో ఆమె మామ ఫోన్‌కు వచ్చింది. భర్త ఆమెను బస్సెక్కించి పుట్టింటికి పంపేశాడు. ఆ ఫొటో ఎవరు పంపారని అడిగినవాడు లేడు. పెద్దమనుషుల దగ్గర నుంచి కూరగాయలమ్మే ఆమె దాకా అందరి నోటా ఒకటే మాట: అసలు ఫొటో ఎందుకు దిగింది, ఫోన్‌లో ఎందుకు పెట్టుకుంది?

ఆడవాళ్ళు గుంపుగా చిన్నమ్మ ఇంటికి వచ్చారు. నీ యాప్‌లోనే పెట్టాము, నువ్వే జవాబు చెప్పాలని నిలదీశారు. వాళ్ళలో ఒకామె, చిన్నమ్మ చేతుల మీద కుట్టు నేర్చుకుని ఇద్దరు బిడ్డల్ని చదివించినామె, "ఆడోళ్ళ కొలతలు అమ్ముకున్నవా అక్కా" అంది. చెల్లె ఒక్కొక్కరినీ బతిమాలి ఫోన్లు తీసుకుని చూసింది. యాప్ కొనుక్కున్న ఎవరి ఫొటోలూ పోలేదు. పోయినవన్నీ తాళాలు తీసి నకలు వేసిన ఫోన్లు. తాళాలతో పాటు గదుల గోడలూ పోయాయి గనుక, నకలులో దాక్కుని వచ్చిన దొంగ సరుకు అన్ని గదులూ తిరిగి దొరికినవన్నీ మోసుకుపోయింది. ఆ ఫోన్లన్నీ ఒక్క దుకాణానికి పోయి వచ్చినవే.

నేను కబురు తెలిసి వచ్చేసరికి మా ఇంట్లో పంచాయితీ నడుస్తున్నది. బాపు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. తమ్ముడు ఫోన్‌లో తల పెట్టాడు. అవ్వ తన చెల్లెలి చెయ్యి పట్టుకుని మెల్లగా, లాలిస్తున్నట్టే చెబుతున్నది. "వాని పేరు బయటవడితే దుకాణం మూతవడుతది. పిల్లలున్నరు. నువ్వే ఒప్పుకోరాదు, నా యాప్‌లనే ఏదో తప్పు జరిగింది, తీసేసిన అని చెప్పు. నీకేం పోతదే." చిన్నమ్మ చెయ్యి విడిపించుకుని తమ్ముడి వైపు తిరిగి, "నాతోని మంథని వస్తవారా? నేనే చేసిన అని ఆ పిల్ల తల్లిదండ్రుల ముందట చెప్తవా?" అని అడిగింది. వాడి బదులు అవ్వే, వాడెట్లా వస్తాడు, వాళ్ళు కొడితే ఎట్లా అంది. ఆ పిల్ల ఒంటి మీద అప్పటికే ఎన్ని దెబ్బలు పడి ఉంటాయో అవ్వకు తట్టలేదు. నేను చెప్తా అన్నాను. అందరి ముందు నేనే చెప్తా, వీడు నా తోడబుట్టినవాడు అని చెప్తా అన్నాను. ఆ ఇంట్లో నేను గొంతెత్తి మాట్లాడింది అదే మొదలు.

చెప్పాను కూడా. కాలనీలో ఇంటింటికీ తిరిగి చెప్పాను. తర్వాత చిన్నమ్మా నేనూ పెద్దపల్లి మీదుగా బస్సులు మారి మంథని పోయాము. దారిపొడుగునా నాట్లు వేస్తున్నారు. చిన్నమ్మ కిటికీలోంచి అదే చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల వాకిట్లో బియ్యం చెరుగుతున్నది. మమ్మల్ని చూసి లేచి నిలబడి, చేట కింద పెట్టడం కూడా మరిచింది. చిన్నమ్మ కూర్చోకుండానే, నీకు జరిగింది నా అక్క కొడుకు చేసిన పని అని చెప్పి, నేను నీ వెంట ఉంటా, ఫిర్యాదు ఇద్దాం పద అంది. మా అదృష్టమో దురదృష్టమో, ఆ పిల్ల భర్త కూడా ఆ రోజే రాజీకి వచ్చి లోపల మంచం మీద కూర్చున్నాడు. అందరూ మరిచారు, ఇంక ఇంటికి రావచ్చని చెప్పడానికి వచ్చాడట. ఆ పిల్ల అతని వైపు చూసి, "నా ఫొటో చూసి నన్ను పంపినవ్. ఆ ఫొటో పంపినోన్ని ఒక్క మాటన్న అన్నవా?" అని అడిగింది. అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆమె తండ్రి లోపలికి పోయి తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి, పోదాం పా బిడ్డా అన్నాడు. ఆ ప్రయాణం మొత్తంలో నాకు చల్లగా తగిలిన మాట అదొక్కటే.

ఫిర్యాదు ఇచ్చాము. తమ్ముణ్ణి పిలిచి అడిగారు, కొన్నాళ్ళు దుకాణం మూసి ఉంచాడు. నకలు చేసినవాడు ఎవరో తేలలేదు, తేలతాడని కూడా ఇప్పుడు అనుకోవడం లేదు. ఆడవాళ్ళకు వచ్చే బెదిరింపు ఫోన్లు మాత్రం క్రమంగా ఆగాయి. ఆ పిల్ల అత్తింటికి తిరిగి పోలేదు. మంథనిలోనే మిషను పెట్టుకుంది, పని బాగా నడుస్తున్నది. కొలతలు మాత్రం ఎక్కడా రాసిపెట్టుకోదట, ఎవరు ఎన్నిసార్లు వచ్చినా మళ్ళీ టేపు పట్టి కొలుస్తుందట. చిన్నమ్మ యాప్ తీసేయించింది. తన గొంతు ఎక్కడైనా వినబడితే ఆ ఫొటోలే గుర్తొస్తాయని చెప్పింది. నిలదీసిన ఆడవాళ్ళలో ముగ్గురో నలుగురో వచ్చి కాళ్ళు పట్టుకున్నారు; మిగిలినవాళ్ళు ఎదురుపడితే పక్క సందులోకి తిరుగుతారు. అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు. పదడుగుల దూరంలో ఇద్దరూ ఎవరి బట్టలు వాళ్ళు ఆరేసుకుంటారు.

తమ్ముడు కొత్త పేరుతో మళ్ళీ దుకాణం తెరిచాడు. మీ ఫోన్‌కు పూర్తి రక్షణ అని బోర్డు పెట్టాడు. అది చూసిన రోజున నేను రోడ్డు మీదే నవ్వాను, ఇంటికి వచ్చి ఏడ్చాను. వాడు పిల్లల పుట్టినరోజులకు పిలుస్తాడు. నేను పోను. అవ్వ ఫోను చేసి, ఎన్నేండ్ల ముచ్చట అది, ఇంకా పట్టుకోని కూసున్నవా అంటుంది. నిజమే, ఏళ్ళు గడిచాయి. కానీ గడిచింది ఎవరికి? ఏమీ పోగొట్టుకోనివాళ్ళకు కాలం చాలా త్వరగా గడుస్తుందని, వాళ్ళే వచ్చి మిగిలినవాళ్ళను మరిచిపొమ్మంటారని నాకు ఈ వయసులో తెలిసింది.