నలభై మంచి కాల్స్

అంబులెన్స్ కంట్రోల్ రూములో అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. వయసును బట్టి వచ్చిన పేరు కాదది. ఆమెకంటే పెద్దవాళ్లు అక్కడ ఇద్దరున్నారు, వాళ్లూ పెద్దక్కా అనే పిలిచేవారు. పంతొమ్మిదేళ్లుగా కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని, అవతల గుక్కపట్టి ఏడుస్తున్నవాళ్ల చేత కూడా అడ్రసు చెప్పించిన గొంతు ఆమెది. ఎంత కంగారులో ఉన్న మనిషైనా ఆ గొంతు వినగానే ఒక్క క్షణం ఊపిరి పీల్చుకునేవాడు. ఆ క్షణంలోనే ఆమె అడగాల్సింది అడిగేసేది.

ఆ గొంతే పోయింది. మొదట బొంగురుపోతే జలుబనుకుంది. ఒక మంగళవారం పొద్దున కాల్ మధ్యలో "చెప్పండమ్మా" అనబోతే గాలి వచ్చింది గాని మాట రాలేదు. పక్క సీటు అతను గబుక్కున లైను అందుకున్నాడు. గొంతులో కాయలు లేచాయన్నాడు డాక్టరు. ఆపరేషన్ చేసి, ఆరు నెలలు పెదవి విప్పొద్దన్నాడు. గుసగుసలు కూడా వద్దన్నాడు.

ఇంట్లో అత్తగారికి చెవుడు. "ఇన్నాళ్లూ నీ మాట నాకొక్కదానికే వినపడటం లేదని బాధపడేదాన్ని. ఇప్పుడు ఎవరికీ వినపడదు, సరిపోయింది" అందావిడ. దర్జీ పనిచేసే భర్త కూర వడ్డిస్తూ, "ఒకరికి చెవి లేదు, ఒకరికి నోరు లేదు. ఈ ఇంట్లో నేను ఇప్పుడు నెగ్గకపోతే ఇంకెప్పుడు నెగ్గుతాను?" అన్నాడు. పెద్దక్క పలక తీసి, "ఉప్పు వేయలేదు" అని రాసి చూపించింది. ముగ్గురూ నవ్వారు. ఆమె నవ్వుకు మాత్రం చప్పుడు లేదు.

నవ్వింది గాని, లోపల దిగులు గూడు కట్టుకుంది. మాటే పనిగా బతికిన మనిషి, మాట లేకుండా ఆఫీసుకు వెళ్లి ఏం చేస్తుంది? ఆమె ఉద్యోగం పోకుండా చూడాలని డ్యూటీ ఆఫీసరు ట్రైనింగు గదిలో వేశాడు. కొత్తవాళ్లకు రికార్డింగులు వినిపించడం పని. మీట నొక్కడానికి గొంతుతో అవసరం లేదు కదా.

ఆ గదికి తప్పుల క్లాసని పేరు. ఏళ్ల తరబడి పోగుచేసిన పాడైపోయిన కాల్స్ అన్నీ అక్కడే ఉన్నాయి. ఒకటి వినిపించి, ఆపి, "ఎక్కడ తప్పింది?" అని రాసి అడగడం, చెప్పింది బోర్డు మీద ఎర్ర రంగుతో రాయడం, అదీ చదువు. పెద్దక్క మీట నొక్కుతూ రికార్డింగు వినడం మానేసి మొహాలు చూడటం మొదలుపెట్టింది. మందుల షాపులో పనిచేసి వచ్చినాయన చేతిరుమాలు మెలితిప్పుతూ కూర్చునేవాడు. పిల్లల బడిలో ఆయాగా చేసినావిడ కళ్లు నేలమీంచి లేపేది కాదు. పన్నెండు మందిలో రెండో వారానికే అయిదుగురు మానేశారు.

ఒక మధ్యాహ్నం మెట్ల మీద ఒకావిడ ఒంటరిగా కూర్చుని కనిపించింది. ఆరేళ్లు పార్సిళ్లు పంచి వచ్చింది కాబట్టి అందరూ ఆమెను కొరియర్ అనే పిలిచేవారు. పెద్దక్క పక్కన కూర్చుంది.

"పెద్దక్కా, ఇన్ని రకాలుగా తప్పు చేయొచ్చని ఇక్కడికొచ్చాకే తెలిసింది" అంది కొరియర్. "ఇప్పుడు ఫోన్ చూస్తేనే ఒళ్లు వణుకుతోంది. సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో మాత్రం ఒక్కసారి కూడా వినిపించలేదు మీరు."

ఆ మాట పెద్దక్కకు సూటిగా తగిలింది. తను చేరిన కొత్తలో, ఇప్పుడు లేని ఒక పాత ఆఫీసరు ఆమె కుర్చీ దగ్గర ఆగి, "కంగారుపడుతున్న ఆయన్ని ముందు కూర్చోండి అన్నావు చూడు, అది బాగుంది. కూర్చున్నాక ఆయన గొంతే మారింది" అని వెళ్లిపోయాడు. అప్పట్లో తిన్న తిట్లు ఒక్కటీ గుర్తులేదు. ఆ ఒక్క మాటతో మాత్రం పంతొమ్మిదేళ్లు పనిచేసింది.

మర్నాడు పొద్దున్నే పలక పట్టుకుని డ్యూటీ ఆఫీసరు గదికి వెళ్లింది. ముందు మంచి కాల్స్ వినిపిస్తానని రాసింది.

ఆయన మొహం చిట్లించాడు. "మన తప్పుకు మనుషుల ప్రాణాలు పోతాయమ్మా. తప్పులు దాచిపెట్టి, వీపు తట్టి పంపిస్తామా?"

"దాచను. ముందు బాగున్నవి. తర్వాత తప్పులు" అని రాసింది. ఆయన తల ఊపలేదు. పలక తుడిచి మళ్లీ రాసింది: "ఈత నేర్పేవాడు మునిగిపోయినవాళ్ల ఫొటోలతో మొదలుపెడతాడా?"

ఆఫీసరు రెండుసార్లు చదివాడు. తల గోక్కున్నాడు. "సరే. ఈ ఒక్క బ్యాచ్‌కే" అన్నాడు. మిగిలిన ఏడుగురినీ పది రోజులు అంబులెన్సుల్లో తిరిగి రమ్మని పంపించాడు.

ఆ పది రోజులూ పెద్దక్క చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పాత రికార్డింగులు జల్లెడ పట్టింది. ప్రాణం నిలిచిందా లేదా అన్నది చూడలేదు. అది ఫోన్ ఎత్తినవాళ్ల చేతిలో ఉండేది కాదని ఆమెకు బాగా తెలుసు. పని ఎక్కడ బాగా జరిగిందో వెతికింది. "నేను లైన్లోనే ఉన్నానండీ" అని సమయానికి అన్న గొంతు, అడిగాక జవాబు వచ్చేదాకా ఓపికపట్టిన నిశ్శబ్దం, తప్పుగా రాసుకున్న ఇంటి నంబరును వెంటనే పట్టుకుని సరిచేసుకున్న తీరు. అలా నలభై దొరికాయి. వాటిలో రెండు మాట్లాడింది పక్క సీటు అతను. తనకు తెలియకుండానే అంత బాగా మాట్లాడానని విని, ఆ పెద్దమనిషి చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు.

క్లాసు మళ్లీ మొదలైన రోజు ఆమె ఏ రికార్డింగూ పెట్టలేదు. "ఎవరికైనా మీరు అక్కరకొచ్చిన రోజొకటి చెప్పండి" అని బోర్డు మీద రాసింది. ఎంత కొక్కిరిబిక్కిరిగా రాసిన డాక్టరు చీటీ అయినా ఇట్టే చదివేస్తానన్నాడు మందుల షాపాయన. ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడంలో తన తర్వాతే ఎవరైనా అంది ఆయా. కొరియర్ వంతు వచ్చింది.

"నాకేముంది పెద్దక్కా? గుమ్మాలు వెతుక్కుంటూ తిరగడమే కదా నేను చేసింది."

పెద్దక్క ఆ మాటనే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత గీసింది. ఆ తర్వాతే మంచి కాల్స్ మొదలయ్యాయి. "ఎక్కడ బాగుంది? ఎందుకు?" అన్నది ఇప్పుడు ప్రశ్న. మూడో వారంలో తప్పులూ వినిపించింది. అప్పటికి ఏం చేస్తే సరిపోయేదో వాళ్లే పోటీపడి చెబుతున్నారు.

కొరియర్ అసలు లైను మీద కూర్చున్న నాలుగో రోజు ఒక ముసలావిడ ఫోన్ చేసింది. భర్త కుప్పకూలిపోయాడు. కూతురి ఇంటికి నిన్ననే వచ్చారట, కూతురు పనికెళ్లింది, అడ్రసు తెలియదు. పెద్దక్క వెనకే నిలబడి ఉంది. నోటిదాకా వచ్చిన మాటను పళ్లు బిగించి ఆపుకుంది.

"అమ్మా, నేను లైన్లోనే ఉన్నాను. కిటికీ దగ్గరికెళ్లండి. ఏం కనిపిస్తోంది?" అంది కొరియర్.

"నీలం రంగు నీళ్ల ట్యాంకు... ఎదురుగా టైర్ల కొట్టు..."

"టైర్ల కొట్టుకు ఆనుకుని ఇనుప మెట్లున్నాయా?"

"ఉన్నాయమ్మా!"

కొరియర్ కళ్లు మెరిశాయి. ఆ మెట్లెక్కి ఎన్ని పార్సిళ్లు ఇచ్చిందో ఆమెకే తెలుసు. వీధి పేరు, ఆ మెట్లకు ఎదురుగా ఉన్న భవనం పేరు టకటకా డ్రైవరుకు చెప్పింది. తొమ్మిది నిమిషాల్లో బండి చేరింది. పెద్దాయన బతికాడు.

కొరియర్ హెడ్‌సెట్ తీసి కుర్చీలో వెనక్కి వాలింది. పెద్దక్క పలక మీద "కిటికీ అడిగావు చూడు, అద్భుతం" అని రాసింది. ఆమె తేరుకున్నాక కింద ఇంకో మాట చేర్చింది: "ఎన్నో అంతస్తో అడగలేదు."

"అయ్యో, అవును కదా!" అని నాలిక కరుచుకుంది కొరియర్. ఇక ఎప్పుడూ ఆ ప్రశ్న మరిచిపోలేదు.

ఆ ఏడుగురిలో ఒక్కరూ మానలేదు. తర్వాతి బ్యాచ్‌లో పద్నాలుగు మంది చేరితే పదమూడు మంది నిలిచారు. పైఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చి రెండు రోజులు క్లాసులో కూర్చుంది. మనిషిలో లోపాలకంటే ముందు బలాన్ని వెతికి, దాని మీద చదువు కట్టడాన్ని సానుకూల మనస్తత్వశాస్త్రం అంటారని, మీరు చేస్తున్నది అదేనని చెప్పింది. అప్పటికి పెద్దక్కకు సగం గొంతు తిరిగొచ్చింది, గరగరలాడుతూ.

"దీనికంత పెద్ద పేరుందా అండీ?" అని అడిగింది. మేడమ్ పడీపడీ నవ్వింది.

పాత కుర్చీలోకి వస్తావా అని ఆఫీసరు అడిగాడు. అక్కర్లేదంది పెద్దక్క. ఆ కుర్చీలో ఇప్పుడు కొరియర్ కూర్చుంటోంది.

ఈమధ్య మరో ఊరి కంట్రోల్ రూము వాళ్లు, మా ట్రైనింగు కూడా మార్చిపెట్టమని ఆమెను పిలిచారు. భర్త కొట్టు మూసి తోడు బయలుదేరాడు. రైల్లో ఎదుటి సీటాయన, ఎందాకా వెళ్తున్నారని అడిగాడు. పెద్దక్క నోరు తెరిచేలోపే దర్జీ అందుకున్నాడు.

"మా ఆవిడ మాస్టారండీ. అక్కడివాళ్లకు ఏం చేతనవునో వాళ్లకే చూపించడానికి వెళ్తోంది" అన్నాడు, చొక్కా కాలరు సర్దుకుంటూ.