గోలు ముందు నిలబడిన లిదియమ్మ

ఉదయగిరి మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే లిదియమ్మకు ఫుట్‌బాల్ అంటే మొదట్లో ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. తమ్ముడు ఎడ్విన్ ఆడతాడు, అంతే. వాడి బనీన్లకు పట్టిన ఎర్రమట్టి ఎంత రుద్దినా వదలక విసుక్కునేది. అమ్మానాయనా పోయాక వాడు అక్క ఇంట్లోనే పెరిగాడు. లిదియమ్మ భర్త కొండలయ్య కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే మనిషి. మాట తక్కువ. బావమరిది ఆట చూడటానికి మాత్రం ఉలి పక్కన పెట్టి వెళ్ళేవాడు.

ఒకప్పుడు ఆ మెట్ట ప్రాంతంలో ఫుట్‌బాల్ అంటే క్రిస్మస్ ముందు మిషన్ గ్రౌండులో జరిగే టోర్నమెంటే. వచ్చిన జట్లలో ఒక్క మ్యాచ్ ఓడినవాళ్ళు మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయేవారు. బడిలో డ్రిల్ మాస్టరు దయాసాగర్‌కు అది నచ్చలేదు. "ఒక్క మ్యాచ్ ఆడను ఏడాదంతా కాచుకోవాల్నా?" అని ఊరూరా తిరిగి, 1990లో మెట్ట లీగ్ మొదలుపెట్టాడు.

లీగ్‌లో రెండు గ్రేడులు. పై గ్రేడులో ఉదయగిరి, ఆత్మకూరు, కలువాయి, జలదంకి లాంటి పెద్ద జట్లు, కింది గ్రేడులో మిగిలినవి. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో రెండుసార్లు ఆడాలి, ఒకసారి తన ఊళ్ళో, ఒకసారి అవతలి ఊళ్ళో. కోతలయ్యాక మొదలై ఎండలు ముదిరే లోపల ముగిసేది. ఆఖరికి పై గ్రేడులో అట్టడుగున మిగిలిన జట్టు కిందికి దిగాలి, కింది గ్రేడులో గెలిచిన జట్టు పైకి రావాలి. ఆదివారం ఆరాధన కాబట్టి మ్యాచ్‌లన్నీ శనివారం సాయంత్రమే.

ఆటగాళ్ళు వారమంతా పొలంలోనో బడిలోనో కరెంటాఫీసులోనో పనిచేసి శనివారం జెర్సీ తొడిగేవారు. రెండో ఏడుకే ఊరికొక పోషకుడు తయారయ్యాడు. మ్యాచ్‌కింతని చేతిలో పెట్టడం, బాగా ఆడేవాడికి తన దగ్గరే పని ఇవ్వడం మొదలైంది. బయటి ఊరివాళ్ళను ముగ్గురిదాకా తెచ్చుకోవచ్చని రూలు పెట్టారు. నెల్లూరు, కావలి కుర్రాళ్ళు బస్సు దిగి, ఆడి, మళ్ళీ బస్సెక్కి పోయేవారు. గెలుపు ఇప్పుడు ఊరి పరువుతో పాటు కొందరి పొట్టకూడు కూడా అయింది.

మొదటి ఏడు కలిగిరి కుర్రాడొకడు రాయి మీద పడి మోకాలు చీల్చుకుంటే, తమ్ముడి ఆట చూడటానికి వచ్చిన లిదియమ్మ అక్కడే కూర్చుని కట్టు కట్టింది. ఆ సాయంత్రం దయాసాగర్ ఆమెను వదలలేదు. "నువ్వు మా లీగ్‌కు సిస్టరువి" అన్నాడు. అప్పటినుంచి ముఖ్యమైన మ్యాచ్‌లన్నిటికీ మందుల పెట్టె పట్టుకుని బస్సుల్లో తిరిగింది. అత్త ఎస్తేరమ్మకు ఇది గిట్టలేదు.

"బంతాట కాడ ఆడదానికేం పనిమే?" అనేది.

"కాళ్ళు విరిగేది మొగోళ్ళవే గదా అత్తా. కట్టేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాల" అనేది లిదియమ్మ.

1993లో జలదంకిలో మ్యాచ్. ఎడ్విన్ అప్పటికి మెట్ట లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన ఆటగాడు. ఎత్తుగా వచ్చిన బంతి కోసం ఎగిరాడు, అడ్డుకునే జలదంకి బ్యాకు కూడా ఎగిరాడు, తలలు రెండూ కొట్టుకున్నాయి. బ్యాకు లేచాడు. ఎడ్విన్ కాసేపటికి లేచాడు. లిదియమ్మ పరుగెత్తి వెళ్ళి ముఖం మీద నీళ్ళు చల్లింది.

"స్కోరెంతక్కా?" అన్నాడు.

"ఒకటి, ఒకటి."

ఆమె చెమట తుడుస్తుంటే మళ్ళీ అడిగాడు. "స్కోరెంత?"

లిదియమ్మ జట్టు కెప్టెన్‌ను పిలిచింది. "వీణ్ణి బయటికి తీయండి. అడిగిందే అడగతా ఉండాడు."

"మార్చుకొనే ఇద్దర్నీ అప్పుడే మార్చేసినాం అక్కా. ఇంక మార్చేదానికి లేదు. వీడు పోతే పదిమందితో ఆడాల" అన్నాడు కెప్టెన్.

"పదిమందితోనే ఆడండి."

ఎడ్విన్ ఆమె చెయ్యి విడిపించుకున్నాడు. "నాకేం కాలా. నువ్వు పో అక్కా, అందరూ చూస్తా ఉండారు."

ఆమె బతిమాలింది. రిఫరీతో చెప్పింది, దయాసాగర్‌తో చెప్పింది. వాళ్ళు ఎడ్విన్ వైపు చూశారు. వాడు నవ్వుతూ బంతి అడుగుతున్నాడు. ఆట సాగింది. ఎడ్విన్ గోలు కూడా కొట్టాడు, ఉదయగిరి గెలిచింది. తిరుగు బస్సులో అందరూ పాటలు పాడుతుంటే, వాడు కిటికీలోంచి వాంతి చేసుకుని అక్క భుజం మీద తల పెట్టి పడుకున్నాడు. ఎంత పిలిచినా పలకడం లేదని వింజమూరు దగ్గర ఆమెకు తెలిసింది. అక్కడ కారు మాట్లాడుకుని నెల్లూరు వైపు తిప్పారు. దారిలోనే ప్రాణం పోయింది.

దేవుని చిత్తం అన్నారు అందరూ. పాస్టరు అన్నాడు, పక్కింటివాళ్ళు అన్నారు, దయాసాగర్ కూడా అన్నాడు. లిదియమ్మ ఆ మాటకు తల ఊపలేదు. లీగ్ వాళ్ళు ఎడ్విన్ పేరుతో కప్పు పెట్టి, ఆమె చేతుల మీదుగా ఇప్పిస్తామన్నారు. ఆమె పోలేదు. శనివారాలు కావాలని వార్డు డ్యూటీ వేయించుకునేది. గ్రౌండు అరుపులు ఆసుపత్రిదాకా వినిపించేవి. అప్పుడు కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది.

దాదాపు ఏడాది తర్వాత దయాసాగర్ ఇంటికి వచ్చాడు. కలువాయిలో ఒకడికి చెయ్యి విరిగితే కట్టేవాళ్ళు లేక, గోనెసంచి చుట్టి బస్సెక్కించారని చెప్పాడు.

"నువ్వు రాకుంటే ఇంకెవురూ రారు లిదియా."

లిదియమ్మ అంది. "వస్తాను. ఒక్క మాట. తలకి దెబ్బ తగిలినోణ్ణి నేను బయటికి రమ్మంటే రావాల. ఇంకెవుర్నీ అడిగేది లేదు."

దయాసాగర్ ఒప్పుకున్నాడు. జట్ల కెప్టెన్‌లందరినీ కూర్చోబెట్టి ఆ మాట చెప్పాడు. అందరూ సరేనన్నారు. ఎడ్విన్ మీది అభిమానంతో అన్నారో, నిజంగానే అన్నారో ఆ రోజు తెలుసుకునే అవసరం ఎవరికీ రాలేదు.

ఆ అవసరం 1997లో ఆత్మకూరులో వచ్చింది.

ఆ ఏడు ఆత్మకూరు జట్టు అట్టడుగున ఉంది. ఆఖరి మ్యాచ్ ఉదయగిరితో, సొంత ఊళ్ళో. గెలిస్తే పై గ్రేడులో ఉంటుంది, లేకుంటే కిందికి. జట్టు పోషకుడు రామనారాయణకు రైసుమిల్లు ఉంది. గోలుకీపరు పెంచల్ ఆ మిల్లులోనే మూటలు మోసేవాడు. చెరువు కట్ట కింద గుడిసెల్లో పుట్టి, చిన్నప్పటినుంచి వల విసిరిన చేతులవి. బంతి వాటిలో పడితే జారేది కాదు. ఆ చేతుల కోసమే రామనారాయణ అతనికి పని ఇచ్చాడని ఊరందరికీ తెలుసు, పెంచల్‌కూ తెలుసు.

ఆత్మకూరు ఒక గోలు ముందుంది. ఆట ముగింపుకు వస్తుండగా ఉదయగిరి ఆటగాడు బంతితో దూసుకొచ్చాడు. పెంచల్ అతని కాళ్ళ మీద పడి బంతి పట్టుకున్నాడు. అతని మోకాలు పెంచల్ కణతకు తగిలింది. బంతి వదల్లేదు గానీ కదల్లేదు కూడా.

లిదియమ్మ వెళ్ళేసరికి కళ్ళు తెరిచాడు.

"ఎవరితో ఆడతా ఉండావు పెంచల్?"

"కలువాయితో" అన్నాడు.

కలువాయితో మ్యాచ్ పోయిన శనివారం అయిపోయింది. లిదియమ్మ రిఫరీ తిరుపాలు వైపు చెయ్యెత్తి, "ఇతను ఆడకూడదు" అంది. ఆత్మకూరు అప్పటికే ఇద్దరినీ మార్చుకుంది. పెంచల్ పోతే మామూలు ఆటగాడెవరో గోలు కాయాలి. రామనారాయణ పంచె ఎగ్గట్టి గ్రౌండులోకి వచ్చాడు.

"ఏమ్మా, లేచి నిలబడినాడు గదా. ఇంక నువ్వు అవతలికి రా."

"నిలబడినాడు. ఎవరితో ఆడతా ఉండాడో తెలవడంలా."

"గోలు కాసేదానికి ఊరి పేరు తెలియాల్నా? బంతి కనపడితే చాలు."

పెంచల్ గోలు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. "బాగుండా సిస్టరమ్మా. పక్కకి జరుగు. పని పోతాది నాకు."

తిరుపాలు రెండు వైపులా చూసి, ఆట మొదలుపెట్టమని విజిల్ ఊదాడు.

లిదియమ్మ జరగలేదు. మందుల పెట్టె కింద పెట్టి, గోలు ముందు పెంచల్‌కు అడ్డంగా నిలబడింది. ఉదయగిరి ఆటగాళ్ళు ఏం చేయాలో తోచక ఉన్నచోటే ఆగిపోయారు. తిరుపాలు విజిల్ మళ్ళీ ఊదాడు. ఎవరో బూతు మాట అన్నారు. జనం గీత దాటి లోపలికి వచ్చారు. ఒక రాయి ఆమె కాళ్ళ దగ్గర పడింది, ఇంకొకటి భుజానికి తగిలింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా కదల్లేదు. తిరుపాలు మ్యాచ్ ఆపేసి వెళ్ళిపోయాడు.

"ఉదయగిరిదే గదా ఈమె. మా కీపర్ని తీసేసే దానికే పంపించినారు" అని ఒకడు అరిచాడు. ఆ మాట గ్రౌండంతా పాకింది.

లిదియమ్మ జీపు మాట్లాడి పెంచల్‌ను నెల్లూరు తీసుకుపోయింది. పెంచల్ భార్య చెంచులక్ష్మి కడుపుతో ఉంది, ఆమె కూడా ఎక్కింది. దారి పొడవునా పెంచల్ తిడుతూనే ఉన్నాడు. అతను నిద్రలోకి జారిన ప్రతిసారీ లిదియమ్మ బుగ్గ తట్టి లేపింది. నెల్లూరులో తలకు ఫోటో తీశారు, మర్నాడంతా ఉంచుకున్నారు.

"ఏమీ లేదమ్మా. చిన్న దెబ్బ. ఇంటికి పోవచ్చు" అన్నాడు డాక్టరు.

లిదియమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. తెరిచేసరికి చెంచులక్ష్మి ఆమెనే చూస్తోంది.

"ఏమీ లేదంట" అంది చెంచులక్ష్మి.

ఆగిపోయిన మ్యాచ్‌కు రెండు జట్లకూ పాయింట్లు లేవని లీగ్ కమిటీ తీర్పు చెప్పింది. ఆత్మకూరు కింది గ్రేడుకు పడింది. రామనారాయణ జట్టునే రద్దు చేశాడు. పెంచల్‌ను మిల్లుకు రావద్దన్నాడు. లిదియమ్మను కమిటీ ముందుకు పిలిచి, క్షమాపణ చెబితే సరిపోతుందన్నారు.

"మీరు ఒప్పుకున్న మాటే గదా సార్" అంది ఆమె, దయాసాగర్‌తో.

"మాట వరసకి ఒప్పుకున్నాం లిదియా. మ్యాచ్ ఆపమని కాదు."

"ఇంకెట్ట తీసుకురావాల బయటికి? బతిమాలాల్నా? జలదంకిలో బతిమాలినాను గదా."

దయాసాగర్ తల దించుకున్నాడు. ఆమె క్షమాపణ చెప్పలేదు. మందుల పెట్టె బల్ల మీద పెట్టి వచ్చేసింది.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. పెంచల్‌కు ఏమైనా అయివుంటే, తాను చేసింది సరైనదని లోకం ఒప్పుకునేది. ఏమీ కానందుకు సంతోషించాల్సిన మనిషి, ఒక్కొక్క క్షణం అందుకే కుంగిపోయేది. అలాంటి ఆలోచన వచ్చినందుకు తనను తానే అసహ్యించుకునేది. అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోతుంటే, ఒకరోజు కొండలయ్య అడిగాడు.

"మళ్ళా అట్నే జరిగితే ఏం చేస్తావు?"

"అట్నే నిలబడతా."

"అయితే తిను" అన్నాడతను.

ఒక శుక్రవారం ఆత్మకూరు వెళ్ళి చెరువు కట్ట దిగింది. గుడిసె ముందు పెంచల్ వల బాగుచేసుకుంటున్నాడు. ఆమెను చూసి వల అక్కడే వదిలేసి, చెరువు వైపు నడిచి వెళ్ళిపోయాడు. చెంచులక్ష్మి మాత్రం నిలబడింది. కూర్చోమనలేదు.

"మా మంచి కోరే చేసినావు, కాదనను. మాకు మంచి జరగలా" అంది.

"నా తమ్ముడు బస్సులో నా భుజం మీద పడుకున్నోడు మళ్ళా లేవలా చెంచులక్ష్మీ."

"విన్నాను. నీ తమ్ముడికి జరిగినదానికి మా ఆయన పని పోవాల్నా?"

లిదియమ్మ తెచ్చిన బియ్యం సంచి అరుగు మీద పెట్టబోతే చెంచులక్ష్మి వద్దంది. ఆ సంచి మళ్ళీ ఉదయగిరికే తెచ్చుకుంది.

పెంచల్ ఆ వేసవిలోనే సముద్రం వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా పనికి వెళ్ళిపోయాడు. మెట్ట లీగ్ ఆత్మకూరు లేకుండా ఇంకో ఏడాది నడిచింది. తర్వాత జలదంకి జట్టు రాలేదు. పోషకులు క్రికెట్ టోర్నమెంట్‌ల వైపు తిరిగారు, వానలు లేక రైతుల చేతులూ ఖాళీ అయ్యాయి. 1999లో దయాసాగర్ లీగ్ పెట్టలేదు. ఆపేశామని కూడా ఎవరితో చెప్పలేదు. శనివారాలు గ్రౌండులో గొర్రెలు మేసేవి.

ఆ ఏడు వానాకాలంలో చెంచులక్ష్మి కూతుర్ని ఎత్తుకుని ఉదయగిరి ఆసుపత్రికి వచ్చింది. బిడ్డ పేరు సుజాత. ఒళ్ళు కాలిపోతోంది. ఆత్మకూరులో ఆసుపత్రి ఉండగా ఇక్కడికే ఎందుకొచ్చావని లిదియమ్మ అడగలేదు. తడిగుడ్డ వేసి, మందు పట్టించి, జ్వరం దిగేదాకా పక్కనే కూర్చుంది. సాయంత్రానికి బిడ్డ కళ్ళు తెరిచి గంజి తాగింది.

"పెంచల్ ఎట్ట ఉండాడు?" అని అడిగింది లిదియమ్మ.

"ఉండాడు. తలనొప్పి అంటాడు అప్పుడప్పుడూ. ఆ దెబ్బ వల్లనో, ఎండ వల్లనో తెలవదు."

లిదియమ్మ ముఖం మారింది. "ఒకసారి తీసుకురా. చూపిద్దాం."

"రాడు. నీ పేరెత్తితే లేచి పోతాడు." చెంచులక్ష్మి బిడ్డ మూతి తుడిచింది. "నాకు మటుకు కోపం సగం పోయింది."

"ఇంకో సగం?"

"అది ఉండాది."

లిదియమ్మ తల ఊపింది. బిడ్డకు ఇవ్వాల్సిన మందు పొట్లం కట్టి, ఎప్పుడెప్పుడు వేయాలో నిదానంగా చెప్పింది. చెంచులక్ష్మి ఆ మాటలు తిరిగి అప్పజెప్పింది. తర్వాత ఇద్దరూ కలిసి బస్టాండుదాకా నడిచారు, బిడ్డను ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకుంటూ.