సమరయుని గాడిద

ఆస్పత్రిలో అందరూ ఆయన్ని బండి బాబాయ్ అనేవారు. స్ట్రెచర్ బండి తోయడం ఆయన పని. వార్డు నుంచి ఎక్స్‌రే గదికి, అక్కడి నుంచి ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా. ఆ తలుపు దగ్గర ఆకుపచ్చ బట్టల వాళ్లు రోగిని అందుకుంటారు. ఆయన ఖాళీ బండితో వెనక్కి తిరుగుతాడు. తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో ఆయనకు చెప్పేవాళ్లెవరూ ఉండరు.

"గాడిద చాకిరీ," అంటూ చెప్పులు విడిచేవాడు. ఇంట్లో రోజూ అదే పాట. మేస్త్రీ పని చేసిన తండ్రి కూడా, చదువబ్బలేదన్న కోపంతో చిన్నప్పుడు ఆయన్ని పిలిచింది ఆ పేరుతోనే.

భార్య మిషను కుట్టేది. వారానికోసారి సాయంత్రం చర్చి హాల్లో వాక్యం చెబుతుంటే ఆయన్ని లాక్కెళ్లేది. ఆయన వెనక బెంచీలో కునుకు తీసేవాడు.

ఒకసారి పాస్టరు గారు మంచి సమరయుని కథ తీసుకున్నారు. దొంగలు చావగొట్టి దారిపక్కన పడేసిన మనిషి. చూసీ చూడనట్టు తప్పుకుపోయిన గుడి యాజకుడు, గుడి సేవ చేసే లేవీయుడు. ఆగి గాయాలు కట్టి, తన వాహనం మీద ఎక్కించుకుని సత్రానికి చేర్చిన పరాయి జాతి సమరయుడు. "ఈ కథలో మీరెవరు? దాపరికం లేకుండా చెప్పండి," అన్నారు.

బ్యాంకు గుమాస్తా తాను సమరయుణ్ణన్నాడు. రిటైరైన టీచరమ్మ, "చాలాసార్లు నేనా యాజకుణ్ణేనండీ," అని తల దించుకుంది. బాబాయ్ భార్య మోకాళ్లు రాసుకుంటూ, "దెబ్బలు తిన్నది నేనే," అంది. అని, మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "వాహనమంటే ఏంటండీ?"

"ఆ రోజుల్లో గాడిదే అయ్యుంటుంది," అన్నారు పాస్టరు గారు.

"అయితే నేను ఆ గాడిదనండీ."

హాలంతా ఘొల్లుమంది. పాస్టరు గారికీ నవ్వాగలేదు. భార్య కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"పదిమందిలో పరువు తీశావు కదయ్యా! ఇంకెవరూ దొరకలేదా నీకు?" అంది దారిలో.

"నవ్వించడానికి అనలేదే. కట్టు కట్టింది ఆ సమరయుడే, కాదనను. మరి మోసిందెవరు? తను మోస్తున్నదెవర్నో దానికి తెలీదు. సత్రంలోకి దాన్ని రానివ్వరు. గుమ్మం దగ్గర దించి బయట నిలబడాలి. అయినా యేసయ్య చెప్పిన కథలో దానికీ ఓ చోటుందే."

ఆమె ఆగి ఆయన వైపు తిరిగింది. "అంటే ఇన్నేళ్లూ నువ్వు చేసింది ఆ సమరయుడి చాకిరీయా?"

అవునన్నట్టు తలూపాడు.

అప్పట్నుంచీ పనేమీ తేలిక కాలేదు. లిఫ్టు మధ్యలో ఆగడం మానలేదు, సూపర్‌వైజరు అరవడం మానలేదు. బాబాయ్ మాత్రం గడప వచ్చినచోటల్లా ముందు చక్రాలు కాస్త ఎత్తి, కుదుపు తగలకుండా దాటించేవాడు. "పైన లైట్లు చూడకండి, కళ్లు తిరుగుతాయి. నన్ను చూడండి," అనేవాడు.

ఓ ముసలమ్మ థియేటర్ తలుపు దగ్గర ఆయన మణికట్టు పట్టుకుని వదల్లేదు. "నువ్వూ లోపలికి రా నాయనా."

"నా పని ఇక్కడి దాకేనమ్మా. లోపల మంచివాళ్లున్నారు. మీరెళ్లండి, నేనిక్కడ ప్రార్థన చేసుకుంటా."

తలుపు మూసుకున్నాక ఆ మాట నిలబెట్టుకున్నాడు. అడగాల్సింది అడిగాక కూడా కదల్లేదు. నన్ను ఈ గుమ్మం దాకా వాడుకున్నావు, చాలు తండ్రీ, అనుకున్నాడు. కళ్లు చెమర్చాయి.

కొన్నాళ్లకు, ఎన్నడూ లేంది, వార్డులోకి తొంగిచూశాడు. ముసలమ్మ దిండుకు ఆనుకుని పాలు తాగుతోంది. ఆయన్ని గుర్తుపట్టలేదు.

"ఎవరు బాబూ?"

"ఎవరూ లేదమ్మా. ఎలా ఉన్నారో చూసిపోదామని."

"దేవుడి దయ, బాగున్నా."

"నేనూ అంతేనమ్మా," అన్నాడు బాబాయ్. కారిడార్లో ఎవరో బండి కోసం కేక వేస్తుంటే నవ్వుకుంటూ అటు నడిచాడు.