బొమ్మల కోర్సు ఎంపిక

మా అమ్మాయిని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. లెక్కలు, సైన్సు, తెలుగు నేను చెప్పగలను. బొమ్మలు గీయడం మాత్రం నాకు రాదు. అందుకని పిల్లలకు డ్రాయింగ్ నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఒకటి కొనాలనుకుని, మూడింటి నమూనా పాఠాలు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను.

ఆటోనగర్‌లోని తన స్పేర్ పార్టుల షాపు నుంచి భోజనానికి వచ్చిన మా ఆయన, "ఏదో ఒకటి తీసుకోవే, అన్నీ బొమ్మలేగా" అన్నారు.

మొదటి దాంట్లో మాస్టారు చెయ్యెత్తకుండా గుర్రాన్ని గీసేశారు. రెండో దాంట్లో పాఠాల వరుస పద్ధతిగా ఉంది. నాకు అదే నచ్చింది. గీత కాస్త వంకర పోయినా కాగితం చింపేసే పిల్ల మా అమ్మాయి.

మూడో దాంట్లో ఒకావిడ చెంబు గీస్తోంది. దాని మూతి ఒక పక్కకు ఒరిగింది. ఆవిడ చెరపలేదు. "ఇది ఉండనివ్వండి. ఎక్కడ తప్పామో ఇదే చెబుతుంది" అంటూ పక్కనే ఇంకో గీత గీసింది.

"అమ్మా, వెనక్కి పెట్టు" అంది మా అమ్మాయి. మళ్లీ చూసి, "ఈవిడక్కూడా తప్పొచ్చిందే!" అంది.

"తప్పు గీసేవాళ్ల దగ్గర ఏం నేర్చుకుంటావే?" అన్నాను.

"మిగతావాళ్లు తప్పొస్తే ఏం చెయ్యాలో చెప్పలేదుగా."

ఆవిడ కోర్సే తీసుకున్నాం. పిల్ల చింపడం పూర్తిగా మానలేదు గానీ, కొన్ని బొమ్మలు రెండేసి గీతలతో అలాగే మిగులుతున్నాయి. ఆ కోర్సులో రంగుల పాఠాలు లేవని తర్వాత తెలిసింది. వాటికి వేరే కోర్సు వెతకాలి. ఈసారి ముందు మా అమ్మాయినే చూడమన్నాను.